సాంచాలు ఆగాక వినిపించిన కూత

మొదటి లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే నాకు ఏదో తేడాగా అనిపించింది. సూరత్‌లోని వడోద్‌లో మాది ఒక్క గది ఇల్లు. పొద్దున్నే చాయ్ తాగుతూ కూర్చున్నాను. చుట్టుపక్కల కార్ఖానాలన్నీ బంద్. సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, నడవని సూరత్‌ను నేను ఎన్నడూ చూసి ఎరగను. సిరిసిల్ల వైపు మా ఊరి నుంచి మీసాలు రాకముందే వచ్చి, అప్పటి నుంచీ ఆ మోతలోనే బతికాను. ఇప్పుడు ఆ నిశ్శబ్దంలో చెవుల లోపల సన్నగా, ఆగకుండా ఒకటే కూత. కుక్కర్ అనుకుని పొయ్యి వైపు చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

"ఏదో మోగుతంది, నీకు వినవస్తందా?" అని నా భార్య స్వరూపను అడిగాను.

"ఏం మోగుతలేదు. చాయ్ సల్లారుతది, తాగు," అంది.

ఆమెకు వినపడటం లేదంటే అది నా తలలోనే ఉందన్నమాట. నా గుండెల్లో రాయి పడింది.

ఆ రోజుల్లో ఫోన్ నిండా చావు కబుర్లే. కరోనా మెదడుకు ఎక్కుతుందని ఎవరో వీడియో పంపారు. ఇంకేం, నాకు ఎక్కేసిందని నేనే తేల్చేసుకున్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు, అయినా సరే. కాలు కాలిన పిల్లిలా ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేవాణ్ణి. స్వరూప ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చేవాణ్ణి. దుకాణంలో మాస్కు పెట్టుకున్న మనిషి ఏం మాట్లాడుతున్నాడో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. మా కూతురు అక్షరను ఏదైనా మళ్లీ అడిగితే, "అభీ తో చెప్పిన గద పప్పా" అని విసుక్కునేది. చెప్పినట్టు నాకు జ్ఞాపకమే లేదు.

మా నాయనకు చివరి రోజుల్లో మతి పోయింది. కన్నకొడుకును పట్టుకుని ఎవరు నువ్వని అడిగాడు. నాకూ ఆ గతే పడుతోందని, పిల్ల ముఖం కూడా గుర్తుపట్టని రోజు వస్తుందని లోపల్లోపల కుమిలిపోయాను. ఎవరితోనూ అనలేదు. అంటే పిచ్చోడంటారు, కార్ఖానా సేఠ్ పనిలోకి రానివ్వడు.

కార్ఖానా మళ్లీ తెరిచిన రోజు నాకు పండగే. సాంచాలు మొదలవగానే కూత మాయం. నా మందు నాకు దొరికిందనుకున్నాను. పాళీ, అంటే షిఫ్టు, దిగి బయటికి వస్తే మాత్రం మళ్లీ మొదలు, అదీ మునుపటి కంటే గట్టిగా. అందుకని రెండో పాళీ కూడా అడిగి మరీ చేసేవాణ్ణి. నా పక్క సాంచాల మీద పనిచేసే మల్లేశం ఇక ఇంటికి పొమ్మని చేతులతో సైగ చేసేవాడు. బయటికొచ్చాక నోటితోనే అనేవాడు. "ఏంది బావా గిట్ల చేస్తున్నవ్? జర ఇంటికి వొయ్యి పండుకో."

పడుకుంటే ఏం వినపడుతుందో అతనికేం తెలుసు?

రెండో వేవ్‌లో మా కార్ఖానాలో ఒకాయన పోయాడు. ఆ కబురు తెలిసిన మధ్యాహ్నం సాంచాల మధ్య నిలబడి ఉండగా ఛాతీ బిగుసుకుపోయింది, చేతులు తిమ్మిరెక్కాయి. పోగు తెగి బట్ట ఖరాబవుతుంటే చూస్తూ నిలబడ్డాను. సాంచా ఆపాలన్న సంగతే తట్టలేదు. మల్లేశం వచ్చి స్విచ్ ఆపి నన్ను బయటికి మోసుకొచ్చాడు.

ఆసుపత్రిలో ఈసీజీ నార్మల్. ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్. "పానిక్ అటాక్" అన్నారు. నేను పట్టుబట్టడంతో బ్రెయిన్ స్కాన్ కూడా తీశారు. అదీ నార్మలే. ఊరట కలగాలి కదా, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కూత నాకు వినపడుతుంటే నార్మల్ ఎలా అవుతుంది? అప్పుడే మొదటిసారి ఆ కూత సంగతి బయటపెట్టాను. వాళ్లు ఈఎన్‌టీకి పంపారు. అక్కడ వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉంది. అంతవరకూ ఎవరూ అడగనిది ఆమె అడిగింది.

"ఏం పని చేస్తరన్నా?"

చెప్పాను. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించింది. ఆ కాగితం మీద గీత ఒక చోట నుంచి జారుకుంటూ కిందికి పోయింది.

"దీన్ని టినిటస్ అంటరు. మోతల పని చేసి చేసి చెవులు దెబ్బతిన్నయి. కూత ఎప్పటిసందో ఉండి ఉంటది, సాంచాల చప్పుడుల మీకు తెల్వలే."

"మరి నా మతిమరుపు? ఉప్పు తెమ్మంటే సబ్బు తెస్తున్న."

"మతిమరుపు కాదన్నా. సగం మాటలు మీకు వినవడతనే లేవు. మాస్కుల వల్ల పెదవులు గూడ కనవడకపాయె. విన్నది గూడ భయంల నిలుస్తలేదు. మెదడంత ఆ కూతకే కావలి కాస్తుంటే ఉప్పు ఏడ యాదికుంటది?"

పక్కనే ఉన్న స్వరూప కళ్లు తుడుచుకుంది. "ఏడాది సంది గిది కడుపుల పెట్టుకొని తిరిగినవా?" అంది.

ఒకటే పాళీ చెయ్యమన్నారు. చెవుల్లో ఇయర్ ప్లగ్స్, పొద్దున నడక, వేళకు నిద్ర, వార్తల వీడియోలు బంద్. కౌన్సిలర్ ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పింది. భయం తగ్గడానికి కొన్నాళ్లు చిన్న డోసు టాబ్లెట్. అన్నీ బాగానే ఉన్నాయి కానీ, ప్లగ్స్ పెట్టుకుంటే లోపలి కూత ఇంకా గట్టిగా వినపడేది. నా వల్ల కాలేదు. తీసి జేబులో వేసుకుని మళ్లీ రెండు పాళీలు మొదలుపెట్టాను. తర్వాతి పరీక్షలో గీత ఇంకా కిందికి దిగింది. డాక్టరమ్మ తిట్టలేదు. "కూత మిమ్మల్ని ఏం చెయ్యదన్నా. చేసేది సాంచాల మోతనే," అని మెల్లగా చెప్పింది. ఆ మాట నమ్మడానికి నాకు నెలలు పట్టింది. ప్లగ్స్ పెట్టుకుని, చెమటలు పడుతుంటే ఊపిరి చూసుకుంటూ, ఆ కూతతోనే పాళీ గడపడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఇంట్లో చెవి మిషన్ పెట్టుకుంటాను. మాట సరిగ్గా వినపడి నలుగురితో మాట్లాడుతుంటేనే మెదడు చురుగ్గా ఉంటుందట. ఉప్పు తెమ్మంటే ఉప్పే తెస్తున్నాను. కూత పోలేదు. కొన్ని రోజులు మనసు మనసులో ఉండదు, అప్పుడు లేచి నడవడానికి పోతాను.

ఒంట్లో తేడా అనిపిస్తే, దానికి మీ భయం ఒక పేరు పెట్టకముందే ఇంట్లో ఒకరికి చెప్పండి. మోతలో పనిచేసేవాళ్లయితే చెవుల పరీక్ష చేయించుకోండి. పోతోందని నేను వణికిపోయిన మతి ఎక్కడికీ పోలేదు. ఆ కూతను దాచుకుని తిరిగిన రోజుల్లో పోయిన వినికిడి మాత్రం ఇక రాదట.