మేకపోతు జరిమానా

మొన్న జహీరాబాద్ సంతలో ఒకాయన నల్లటి మేకపోతును తాడు పట్టి లాగుతుంటే, అది కాళ్లు బిగబట్టి కదలనని మొరాయించింది. నడిరోడ్డు మీద ఒక్కదాన్నే పకపకా నవ్వేశాను. ఆ కొమ్ములు చూడగానే ఝరాసంగం దగ్గర మా చిన్నమ్మ ఊరూ, ఆ ఊరి ఆడవాళ్ల కేకలూ చెవుల్లో మోగాయి.

కొన్నేళ్ల కిందట ఉగాండా దేశంలోని కరమోజా నుంచి ఒకామె మా చిన్నమ్మ వాళ్ల కొర్రచేలు చూడడానికి వచ్చింది. ఇంగ్లీషు చెప్పే పంతులమ్మనని ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి నన్ను పిలిపించారు. ఆమెకు మెడనిండా రంగురంగుల పూసలు, ఇంత పెద్ద నవ్వు. తమదీ జొన్నలు పండే సీమేనంటూ మా జొన్నరొట్టెలు అడిగి మరీ వేయించుకుంది. భోజనాలయ్యాక చిన్నమ్మ నా మోచేతిని పొడిచి, "జర అడుగు బిడ్డా, వాళ్ల దిక్కు మొగోళ్లు పెండ్లాలను కొడ్తరా?" అంది. ఎందుకడిగిందో అందరికీ తెలుసు. పక్కింటి కోడలు వాచిన చెంపను కొంగుతో కప్పుకుని ఓ మూల కూర్చుంది.

కరమోజా ఆమె నవ్వు ఆగింది. కొట్టేవాళ్లు అక్కడా ఉన్నారట. కానీ అది మొగుడూపెళ్లాల గొడవలే అని ఊరి పెద్దలు వదిలేయరట. పంచాయితీ పెట్టి, కొట్టినవాడి మందలోంచి ఎద్దును తోలుకొచ్చి కోసుకుని అందరూ తింటారట. నేనింకా చెప్పడం పూర్తి చేయనేలేదు, ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. "ఎద్దు లేకపోతేంది, దీని మొగనికి మేకపోతున్నది గద!" అని చిన్నమ్మ కేక వేసింది. అంతలోనే కోడలి వైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా. నువ్వు అననిది మేం కదలం" అంది. ఆ పిల్ల చెంప మీది కొంగు తీసేసింది. "నడువుండ్రి" అంది.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వాళ్ల వెనకాలే పరుగెత్తాను. వాకిట్లో ఆమె మొగుడు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. "నా పెండ్లాం, నా ఇష్టం. మీకేంది?" అన్నాడు. వీధిలో మగవాళ్లు అరుగుల మీంచి లేవకుండా చూస్తున్నారు. అప్పుడు లోపలినుంచి వాడి తల్లి వచ్చింది. ఇక అయిపోయింది, ఈవిడ కొడుకును వెనకేసుకొస్తుందనుకున్నాం. ఆమె తిన్నగా గుంజ దగ్గరికి పోయి, మేకపోతును విప్పి తాడు మా చిన్నమ్మ చేతిలో పెట్టింది. "నా కాలంల గీ రివాజుంటే, మీ నాయిన మందల ఒక్క పిల్ల సుత మిగలకపోతుండె" అంది కొడుకుతో. వాడి చేతిలోని కర్ర దానంతటదే కిందికి దిగింది.

ఆ సాయంత్రం మేకపోతు కూరతో తొలి ముద్ద కోడలికే. కరమోజా ఆమె తమ ఊరి ఆటలా పైకెగిరి దూకుతుంటే, మోకాళ్ల నొప్పుల మా చిన్నమ్మ కూడా ఎగిరింది! ఆ తర్వాత ఒకసారి వాడు మళ్లీ చెయ్యెత్తబోతే, వీధిలోని ఆడపిల్లలంతా గుమ్మాల్లో నిలబడి "మ్యా, మ్యా" అని అరిచారట. చెయ్యి దిగింది. ఇంకెప్పుడూ లేవలేదు.

ఇప్పుడా ఊరికి కొత్తగా వచ్చే కోడళ్లు, పెళ్లాన్ని కొట్టినవాడికి మేకపోతు జరిమానా వేయడం తాతలనాటి రివాజనే అనుకుంటారు. ఎంత పాత ఆచారమైనా ఏదో ఒక మధ్యాహ్నం మొదలైందే కదా. నాకు మాత్రం ఆ మధ్యాహ్నాన్ని కళ్లారా చూసే భాగ్యం దక్కింది.