పరదా గుడ్డతో కుట్టిన గాలిసంచి

విచారణ నివేదికలో మూడో పేజీ ఆమె గురించే. ‘స్వీపరు అనుమతి లేకుండా కుట్టిన గాలిసంచి వల్లే విమానం ప్రమాదానికి గురైంది.’ చదివి వినిపించారు. చూపించిన చోట సంతకం పెట్టింది.

పొలాల మధ్యనున్న ఆ చిన్న రన్‌వేని పదకొండేళ్లు ఊడ్చింది ఆమె. గడ్డి కోయడం, కుక్కల్ని తరమడం, స్తంభానికి గాలిసంచి కట్టడం కూడా ఆమె పనే. గాలి ఎటు వీస్తోందో, ఎంత జోరుగా ఉందో పైలట్‌కి చెప్పేది ఆ గుడ్డ గొట్టమే. చుట్టుపక్కల వాళ్ల కంటికి అదో జెండా. అందుకే ఆమె జెండాక్క అయింది.

వానలకి ముందు సంచి పీలికలైంది. కొత్తది కావాలని మూడు అర్జీలిచ్చింది. మూడోసారి మేనేజరు విసుక్కున్నాడు.

“గుడ్డ ముక్కకి ఇంత రాద్ధాంతమేంటమ్మా? ఇంట్లో మిషనుందిగా, ఏదో ఒకటి కుట్టి పడెయ్.”

వంటగది గుమ్మానికున్న నారింజరంగు పరదా ఊడదీసింది. పీలికలు నేలమీద పరిచి, వాటి కొలతకే కత్తిరించింది. రెండు వరసలు కుట్టు వేసింది.

“విమానాలకి చొక్కాలు కుడుతున్నావా వదినా?” అంటూ ఆడపడుచు ఎకసెక్కం.

“కొలతలియ్యి, నీ నోటికీ ఒకటి కుట్టేస్తా.”

కొలత కుదిరింది, రంగు కుదిరింది. బరువే కుదరలేదు. అసలు గుడ్డ పల్చన, కాస్త గాలికే లేస్తుంది. ఇది మందం. పైగా ప్రమాదం జరిగిన పొద్దున జల్లుకి తడిసి ముద్దయింది. గాలి బాగానే వీస్తున్నా స్తంభాన్ని అంటుకుని వేలాడింది. పైనుంచి చూసిన పైలట్ గాలి లేదనుకుని దిగాడు. గాలి వెనకనుంచి తోసింది. రన్‌వే సగం దాటాక గానీ చక్రాలు నేలకి ఆనలేదు. విమానం ఆగక, రన్‌వే చివరనున్న కాలవగట్టుకి గుద్దుకుంది. అతని కాలు రెండు చోట్ల విరిగింది. తలుపు లాగి అతన్ని బయటికి ఈడ్చింది జెండాక్కే.

మర్నాడు పైలట్‌ని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లింది.

“తప్పు నాదే బాబూ. మందం గుడ్డ వేశాను.”

“సంచి కుట్టడం నీ ఉద్యోగమా అక్కా?”

“మేనేజరుగారు కుట్టమన్నారు.”

“మరి ఆ ముక్క విచారణ కమిటీ ముందు చెప్పు.”

చెప్పలేదు. “నోరు మూసుకుంటే పనిలో ఉంటావు” అని మేనేజరు ముందే మాట తీసుకున్నాడు. మూసుకుంది. సంతకం పెట్టిన వారానికే తీసేశారు. మూడు అర్జీల్లో ఒక్కటీ ఫైల్లో లేదట. సంచిని కదిలించలేని గాలి కాగితాల్ని మాత్రం భలే ఎగరేసింది! ఆ మేనేజరు ఇప్పటికీ అదే కుర్చీలో ఉన్నాడు.

పైలట్ ఆమె తరఫున అప్పీలు వేయించాడు. వచ్చే నెల రెండో సోమవారం ఉదయం విచారణ. ఏం కావాలని అడిగితే ఆమె పని కూడా అడగలేదు.

“నేను కుట్టింది నిజమే. కుట్టమన్నారని కూడా రాయమనండి, చాలు.”

ఒక్క వాక్యం. అది నివేదికలో చేర్చమని కమిటీకి ఉత్తరం రాయండి. మీ ఇంట్లో వాళ్లతోనూ రాయించండి. వీలైనవాళ్లు ఆ రోజు వచ్చి హాల్లో కూర్చోండి. మేనేజరు ఎదుట ఒంటరిగా నిలబెడితే ఆమె ఈసారీ చెప్పలేదు.