నాగసుధ కంటిలో ఎరుపు

మా ఎదురింటి నాగసుధ జీడిపప్పు ఏరే మనిషి. గుండు పప్పు ఒక తట్టలోకి, బద్దలు ఇంకో తట్టలోకి ఆమె వేళ్లు చకచకా తోసేస్తాయి. నిరుడు జీడిపిక్కలు పగలగొడుతుంటే పెంకులోని జీడి నూనె చిమ్మి, కుడికంటి నల్లగుడ్డు తెల్లబారింది. ఎడమకంటికి చిన్నప్పటినుంచే చూపు తక్కువ. చివరికి విశాఖ ఆసుపత్రిలో, చనిపోయిన ఎవరో పుణ్యాత్ముడి కంటిపొర కుడికంటికి కుట్టారు.

ఇంటికొచ్చాక చూపు కుదురుకోలేదు. బల్బు చుట్టూ వలయాలు, ఒక గడపకు రెండు అంచులు. "కుట్లున్నన్నాళ్లూ ఇంతేనంట పిన్నీ" అనేది. అలా మసకకు అలవాటుపడి, భయపడటం మానేసింది.

ఆవేళ వీధంతా పిక్కలు కాల్చే పొగ. నేను ఊరుకుంటానా, నల్లద్దాలు తీయమన్నాను. కుడికన్ను నెత్తురు ముద్దలా ఉంది.

"ఏటే ఇది?"

"పొగ పిన్నీ. పలాసలో ఎవరి కళ్లు ఎర్రగుండవు సెప్పు?"

"ఎలుగు సూత్తే గుచ్చుతందా?"

"ఊఁ."

"నిన్నటికంటే మసకగుందా?"

"పోలీసోళ్లలాగ అడగతన్నావేటి!"

"సెప్పవే!"

"ఉంది... శానా మసకగుంది."

"పొగైతే రెండు కళ్లకీ తగలాల కదే! ఎడంకన్ను తెల్లగుందేటి మరి?"

నాగసుధ చేయి అద్దాల మీదే ఆగిపోయింది. ఆమె భర్త ఉమామహేష్ "రేపు పొద్దున్నే ఎల్దాం" అన్నాడు గానీ, ఫోనులో ఆసుపత్రివాళ్లు వెంటనే బయల్దేరమన్నారు. నన్నెవరూ పిలవలేదు. అయినా చెప్పులేసుకుని వాళ్లతో రైలెక్కేశాను.

దారి పొడుగునా ఆమె ఎడమకన్ను మూసుకుని కిటికీలోంచి చూస్తూనే ఉంది. కొంతదూరం పోయాక, "కరెంటు స్తంబాలు కనపడతన్నాయేటే?" అని అడిగాను.

"నన్నేటీ అడక్కు పిన్నీ."

మొదటిసారి నేను నోరు మూసుకున్నాను.

డాక్టరమ్మ చూసి, "ఒళ్లు ఆ పొరను పరాయిదని తోసేస్తోంది. మందు వేస్తాం, నిలుస్తుందని మాత్రం మాటివ్వలేను" అంది. గంటగంటకూ చుక్కలు. ఉమామహేష్ గోడకానుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

మూడోనాడు నాగసుధ మంచం మీద లేచి కూర్చుంది. అరచేత్తో ఎడమకన్ను మూసుకుని నావైపు తిరిగింది.

"పిన్నీ, నీ పైట మీద పసుపు మరకుంది."

"ఎక్కడే?"

"కదలకు పిన్నీ. ఇంకా సూడనీ."

నేను కదల్లేదు.