ఒంగోలులో కనిపించిన మ్యాచ్

సింగపూర్ టాంపినీస్‌లో కాపురముండే తెలుగువాళ్లలో కేశవరావుకి ఏ చెడ్డ అలవాటూ లేదు. తాగడు, పేకాడడు, ఆఫీసు నుంచి నేరుగా ఇంటికొస్తాడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, కుళ్లు. ఎదుటివాడికి మంచి జరిగిందని తెలిస్తే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. ఇదేమీ సింగపూర్ వచ్చాక అంటుకున్నది కాదు. చీరాలలో చదువుకునే రోజుల్లో పక్క బెంచీవాడికి కొత్త సైకిల్ కొన్నారని జ్వరం తెచ్చుకున్న ఘనుడు. అంతమాత్రాన దుర్మార్గుడనుకోకండి. ఎవరికీ ఏ చెడూ చెయ్యలేదు, చెయ్యలేడు కూడా. కాలేది ఎప్పుడూ ఆయన కడుపే.

ఐటీ ఉద్యోగాలు అడిగినవాడికీ అడగనివాడికీ దొరుకుతున్న రోజులవి. ఆ ఊపులోనే కేశవరావు కూడా విమానమెక్కి వచ్చి చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక కంపెనీలో చేరాడు. టాంపినీస్‌లో ఫ్లాట్ తీసుకున్నాడు. భార్య లీలావతి, కూతురు ఆమని. పై అంతస్తులోకి అబ్దుల్ ఖాదిర్ కుటుంబం దిగేదాకా అంతా సవ్యంగానే ఉంది.

ఖాదిర్‌ది హైదరాబాద్. అదే బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకులో పని. కేశవరావు కంటే వెనక వచ్చి ముందు మేనేజరయ్యాడు. అదొక మంట. కానీ అసలు మంట వేరే ఉంది. ఖాదిర్ నోరు విప్పితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. లీలావతి కూడా నవ్వుతుంది. అదీ మర్యాదకి నవ్వే నవ్వు కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతుంది. అదే మాట ఇంటికొచ్చి కేశవరావు చెబితే, "అన్నం పెట్టెయ్యనా?" అంటుంది.

పెళ్లయిన కొత్తలో తన మాటలకీ అలాగే నవ్వేది. ఎప్పుడు మానేసిందో ఆయన గమనించలేదు. ఆ నవ్వు ఇంకా బతికే ఉందని ఖాదిర్ వచ్చాకే తెలిసింది. తన కోసం మాత్రం కాదని కూడా అప్పుడే తెలిసింది.

పోనీ ఖాదిర్‌ని తిట్టుకుందామా అంటే వంక దొరకదు. లీలావతిని "భాభీ" అని పిలుస్తాడు. భార్య సలీమా పక్కన లేకుండా గడప తొక్కడు. వంక దొరకని మనిషి మీద కుళ్లుకోవడమంత కష్టం ఇంకోటి లేదు. కారణం చెప్పుకోవడానికి వీల్లేదు, మానుకోవడానికి మనసొప్పదు.

ఆమనిదీ, ఖాదిర్ కూతురు తూబాదీ ఒకే బడి. ఇద్దరికీ బాస్కెట్‌బాల్ పిచ్చి. ఆదివారం పొద్దున్నే ఖాదిర్ ఇద్దరినీ బ్లాక్ పక్కనున్న కోర్టుకి తీసుకెళ్లి బంతి వేయించేవాడు. లీలావతి, సలీమా గట్టు మీద కూర్చుని చూసేవారు. కేశవరావు కిటికీలోంచి చూసేవాడు. ఆయనకు బంతి విసరడం రాదు. ఒకసారి విసిరితే అది బుట్ట దరిదాపులకు కూడా పోకుండా వెళ్లి ఎవరో ముసలామె కూరగాయల సంచీలో పడింది. అప్పుడూ లీలావతి నవ్వింది గానీ, అది వేరే నవ్వు.

బంతి విసరడం రాకపోయినా టీవీ పెట్టించడం వచ్చు కదా అనుకున్నాడు కేశవరావు. అప్పటికి సింగపూర్‌కి జీతాలిచ్చి ఆడించే బాస్కెట్‌బాల్ జట్టు ఒకటి కొత్తగా ఏర్పడింది. చుట్టుపక్కల దేశాల జట్లతో పోటీలు. అవి ఒక శాటిలైట్ చానెల్‌లో వస్తాయి. ఇక్కడ ఇళ్ల మీద డిష్ పెట్టుకోనివ్వరు గనక టీవీ కంపెనీవాళ్లే ఆకాశం నుంచి దించి కేబుల్‌లో ఇంటికి పంపుతారు. కేశవరావు ఆ ప్యాకేజీ కట్టాడు. ఉన్న టీవీ చాలదని దాన్ని మించిన టీవీ తెచ్చాడు. "ఇక మీరెక్కడికీ పోనక్కర్లేదు, ఆటంతా మనింట్లోనే" అని భార్యకీ కూతురికీ చాటింపు వేశాడు.

కొన్నాళ్లు బాగానే సాగింది. జట్టు అప్పుడు బయట దేశాల్లో తిరుగుతూ ఆడుతోంది. మ్యాచ్ ఉన్న రోజు లీలావతి పకోడీలు వేసేది, ఆమని సోఫా మీద గెంతేది. అయితే తూబా వచ్చేది, తూబా వెనక సలీమా, సలీమా వెనక ఖాదిర్. వచ్చి కేశవరావు టీవీ ముందే కూర్చుని కేశవరావు భార్యని నవ్వించేవాడు. ప్యాకేజీ కట్టింది నేను, పండగ వీడిది అని ఆయన పళ్లు నూరుకునేవాడు.

అలా ఉండగా ఒకరోజు ఖాదిర్ టికెట్లు పట్టుకొచ్చాడు.

"రావ్ సాబ్, శనివారం మ్యాచ్ ఇక్కడే, కలాంగ్ స్టేడియంలో. మా బ్యాంకోళ్లు టికెట్లిచ్చిన్రు. టీమ్ కూర్చునే కుర్చీల ఎన్కనే సీట్లు. అందరం పోదాం."

ఆమని ఎగిరి గంతేసింది. లీలావతి మొహం వెలిగింది. ఆ వెలుగు చూసేసరికి కేశవరావుకి ఒళ్లు మండిపోయింది.

"ఇంట్లో ఇంత టీవీ పెట్టుకుని అక్కడికెందుకండీ? ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. నేను రాను" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం లీలావతి చీర మార్చుకుని వచ్చి మరోసారి అడిగింది. "రండి. మీరు లేకపోతే ఏం బావుంటుంది?"

ఆ మాటకి కరిగిపోవలసిన మనిషి ఇంకా బిగుసుకున్నాడు. "నా టికెట్ ఎవరికైనా ఇచ్చెయ్యమను. ఖాదిర్‌కి బోలెడుమంది తెలుసుగా. నన్ను మాత్రం విసిగించొద్దు" అన్నాడు. వాళ్లు వెళ్లగానే ఎవరూ బతిమాలడానికి వీల్లేకుండా సెల్‌ఫోన్ ఆపేసి, టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

సాయంత్రం ఆట మొదలయ్యే వేళకి చానెల్ పెడితే తెర మీద నల్లగా ఒక పలక. ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో ప్రసారం కాదు అని దాని మీద ఇంగ్లీషులో ఒక ముక్క. రిమోట్ నొక్కాడు, పెట్టె ఆపి మళ్లీ వేశాడు, వైర్లు పీకి పెట్టాడు. చివరికి టీవీ కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది: ఆట ఏ ఊళ్లో జరిగితే ఆ ఊళ్లో చందాదారులకు చూపించరు. చూపిస్తే జనం హాలుకి రారు. బయటి ఊళ్లవాళ్లందరికీ వస్తుంది.

"అంటే డబ్బు కట్టిన నాకు రాదు, పక్క దేశాలవాళ్లకి వస్తుందా?"

"అవును సార్" అంది ఆ పిల్ల.

ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు వెళ్తే? అమ్మో, ఖాదిర్ ఏమంటాడు? "క్యా రావ్ సాబ్, టీవీలో రాలేదా?" అంటాడు. దానికి లీలావతి నవ్వుతుంది. అది మాత్రం భరించలేడు.

ఇంతలో ఇంటి ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. ఒంగోలులో ఉన్న బావమరిది ఏడుకొండలు మిస్డ్ కాల్. అటు నుంచి చేస్తే ఖర్చని వాడెప్పుడూ అలా మోగించి వదిలేస్తాడు. కేశవరావు కాలింగ్ కార్డు గీకి తిరిగి చేశాడు.

"బావా, నువ్వు ఇంట్లోనే ఉన్నావా? అదే అనుకున్నా, టీవీలో కనపడట్లేదేంటా అని. అక్క పొద్దున ఫోన్ చేసి ఈ చానెల్ పెట్టమంది. ఆటగాళ్ల కుర్చీల వెనకాలే ఉంటాంరా అంటే చూస్తున్నా. అక్కా, ఆమనీ ఎంత బాగా కనపడుతున్నారో."

కేశవరావు ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. రైలెక్కితే అరగంట దూరంలో ఉన్న పెళ్లాం తనకు కనపడదు. సముద్రాల అవతల, ఇంకా మధ్యాహ్నమే అయిన ఒంగోలులో ఎరువుల కొట్టు మూసుకుని, అన్నం తిని, చాప మీద పడుకున్న ఏడుకొండలుకి కనపడుతుంది.

"నాకు ఆఫీసు పనుండి ఆగిపోయాలే" అన్నాడు. మళ్లీ తనే, "ఏం చేస్తోంది మీ అక్క?" అని అడిగాడు.

"నవ్వుతోంది బావా. పక్కనెవరో పొడుగాయన ఏదో అంటే పగలబడి నవ్వుతోంది."

"పక్కనా? ఆ పొడుగాయన మీ అక్క పక్కన కూర్చున్నాడా?"

"లేదు లేదు. ఆయన ఆ చివర. ఆయన పక్కన వాళ్లావిడ, తర్వాత పిల్లలిద్దరు, తర్వాత అక్క. అక్కకి ఇటు పక్క సీటు ఖాళీ."

కేశవరావు ఊపిరి పీల్చుకున్నాడు. అది కూడా ఎంతోసేపు నిలవలేదు.

"ఆ సీట్లో ఏదో చిన్న కాగితాల పొట్లం పెట్టింది బావా. ఇందాక ఒకాయన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది."

ఏడుకొండలుకి అది కాగితాల పొట్లమే. సింగపూర్‌లో ఉన్నవాడికి దాని అర్థం వేరు. తిండి అంగళ్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే దాన్ని చోప్ చెయ్యడం అంటారు. ఆ కుర్చీ ఒకరికి చెందినట్టే, ఎంత రద్దీ ఉన్నా ఎవరూ ముట్టుకోరు. అంటే లీలావతి ఎవరికోసమో సీటు పట్టి ఉంచింది.

ఎవరికోసం? నా టికెట్ ఎవరికైనా ఇమ్మన్నాను. ఇచ్చింది. వాడింకా రాలేదు. ఎవడు వాడు? ఖాదిర్ బ్యాంకులో ఎవడైనా అయి ఉంటాడు. వాడూ ఇలాగే జోకులేసే రకమేమో. మరి అంతలా చెయ్యి అడ్డం పెట్టి కాపాడాల్సిన అవసరమేమిటి? కేశవరావు ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఏడుకొండలూ, నువ్వు లేవకు. ఆ సీట్లోకి ఎవడొస్తాడో చూసి చెప్పు."

"ఎవడొస్తే మనకెందుకు బావా?"

"చూడమన్నానా?"

పాపం, ఏడుకొండలు చూశాడు. ఆటలో ఎవరు గెలుస్తున్నారో ఇద్దరికీ పట్టలేదు. ఆటగాళ్లు కుర్చీల దగ్గరికి వచ్చినప్పుడల్లా కెమెరా అటు తిరిగేది. వెనకాల లీలావతి కనిపించేది. ఏడుకొండలు చెప్పేవాడు. అక్క నవ్వట్లేదు ఇప్పుడు. అక్క గుమ్మం వైపు చూస్తోంది. ఎవరూ రాలేదు. సగం ఆట అయిపోయింది, ఎవరూ రాలేదు. మధ్యలో ఒంగోలులో కరెంటు పోయింది. కేశవరావు గదిలో అటూ ఇటూ తిరిగి, కరెంటువాళ్లనీ, ఒంగోలునీ, ఖాదిర్‌నీ వరసపెట్టి తిట్టాడు. ఫోన్ మాత్రం పెట్టలేదు.

కరెంటొచ్చింది. "అక్క సెల్ చెవి దగ్గర పెట్టుకుంది బావా. ఎవరికో చేస్తోంది... దొరకలేదనుకుంటా, పెట్టేసింది. మళ్లీ చేస్తోంది."

"వాడికే" అన్నాడు కేశవరావు పళ్లు బిగించి. "రమ్మని పిలుస్తోంది."

"ఎవరికి బావా?"

"నీకు తెలీదులే. నువ్వు చూడు."

ఆట అయిపోయింది. సింగపూరే గెలిచిందట. జనం లేచి చప్పట్లు కొడుతున్నారట. "ఎవరూ రాలేదు బావా. అక్క ఆ పొట్లం తీసి సంచీలో వేసుకుంది" అని ఏడుకొండలు ఆవలిస్తూ చెప్పాడు.

ఇంటికి ముందు ఆమని వచ్చింది, గొంతు బొంగురుపోయేలా అరిచి ఉంది. వెనక లీలావతి. చెప్పులు విడుస్తుండగానే కేశవరావు ఆగలేకపోయాడు.

"ఎవరికోసం పట్టావు ఆ సీటు?"

లీలావతి తలెత్తింది. "మీకెలా తెలుసు?"

"ఒంగోలులో మీ తమ్ముడు టీవీలో చూసి చెప్పాడు. ఎవరినీ కూర్చోనివ్వలేదట. ఫోన్ల మీద ఫోన్లట. ఆట అయ్యేదాకా ఎవడి కోసం ఎదురుచూశావు?"

లీలావతికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. విడిచిన చెప్పులు పక్కకు పెట్టి, "రాని మనిషి సంగతి ఇప్పుడెందుకులెండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆమని సోఫాలో కూలబడి బూట్ల తాళ్లు విప్పుకుంటూ సింగపూర్ ఇంగ్లీషు కలిపి అంది. "నాన్నా, దట్ వన్ యువర్ సీట్ లా. అమ్మ ఎవరికీ ఇవ్వనివ్వలేదు. కోపం తగ్గితే వస్తారు అంది. సో మెనీ టైమ్స్ కాల్ చేసింది. మీ సెల్ ఆఫ్, ఇంటి ఫోన్ ఆల్వేస్ ఎంగేజ్డ్."

కేశవరావు ఆ సాయంత్రమంతా ఎవడి మీద కుళ్లి చచ్చాడో వాడు ఈ సోఫాలోనే కూర్చుని ఉన్నాడు. ఇంతకుముందు ఎవరి మీద కుళ్లుకున్నా ఇంత బాధ కలగలేదు. వంటింటి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు. లీలావతి బియ్యం కడుగుతోంది.

"లీలా, మళ్లీ మ్యాచ్ ఎప్పుడు? ఈసారి నేను టికెట్లు తెస్తాను. మనం వెళ్దాం."

ఆమె వెనక్కి తిరగలేదు.

"ఈ ఊళ్లో ఇదే ఆఖరిదటండీ. మిగిలినవన్నీ బయట దేశాల్లోనే. టీవీలో చక్కగా వస్తాయిలెండి, చూద్దురుగాని."