పన్నెండు గంటల స్లాట్

స్లాట్లు పట్టడంలో రాగిణిది అందె వేసిన చెయ్యి. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా డేట్లు దొరకనివాళ్లంతా ఆమెనే కాళ్లావేళ్లా పడి బతిమాలతారు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో, ఆమె ఉండే అపార్ట్‌మెంట్లలో ఆ విద్యకున్న గౌరవం ఆమె ఇంజినీరింగ్ డిగ్రీకి కూడా లేదు.

అందుకే ఫ్రీవేకి ఇటున్న తమ పిల్లల స్కూలో, అటున్న స్కూలో, ఏదో ఒకటి మూసేస్తామని స్కూల్ డిస్ట్రిక్ట్ ప్రకటించగానే అందరూ ఆమె వైపే చూశారు. స్కూల్ బోర్డు ముందు మాట్లాడే అవకాశం మొదట పేరిచ్చిన ముప్ఫై మందికే. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆన్‌లైన్‌లో ఫారం తెరుస్తారు.

"పదకొండూ యాభై ఎనిమిదికే లాగిన్ అయి ఉండండి. పేరు, అడ్రస్ ముందే కాపీ చేసి పెట్టుకోండి," అని గ్రూపులో మెసేజ్ పెట్టింది. అందరివీ ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఉద్యోగాలే. రెండు నిమిషాల్లో ముప్ఫైకి ముప్ఫై తమవాళ్లకే వచ్చేశాయి. ఆ పూట ఆమె పొంగిపోయిన మాట నిజం.

గురువారం మీటింగ్‌లో ఆ పొంగు చల్లారింది. వెనక గోడ పొడవునా అటు స్కూలు తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. నల్లజాతివాళ్లు, మెక్సికన్లు, చాలామంది డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. మాట్లాడేవాళ్ల లిస్టులో వాళ్లలో ఒక్కరి పేరూ లేదు. వాళ్లలో మారిసోల్ కనిపించింది. ఆమె ఇటు స్కూలు క్యాంటీన్‌లో వడ్డిస్తుంది. రాగిణి కొడుకు ఆరవ్ ప్లేటులో మాంసం పడకుండా రెండేళ్లుగా చూసుకుంటున్నది ఆమే. ఆమె పిల్లలు చదివేది మాత్రం అటు స్కూల్లో.

రాగిణికి కాలు నిలవలేదు. లేచి వెళ్లి, తన వంతు ఇంకొకరికి ఇవ్వొచ్చా అని క్లర్క్‌ని అడిగింది. కుదరదన్నాడు. తిరిగొచ్చేసరికి పక్క ఫ్లాట్ విజయశ్రీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇప్పుడు జాలేంటే నీకు? మన స్కూల్ క్లోజ్ చేస్తే ఆరవ్‌ని ఎక్కడ జాయిన్ చేస్తావ్?"

పేరు పిలిచారు. రాగిణి తాను రాసుకొచ్చినదంతా రెండు నిమిషాల్లో చదివేసింది. ఒక్క మాట పొల్లుపోలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

అటు స్కూలు మూసేయాలని బోర్డులో ఐదుగురికి నలుగురు చేతులెత్తారు. ఆగస్టు నుంచి ఆ పిల్లలు ఫ్రీవే మీది వంతెన దాటి నడిచి రావాలి.

పార్కింగ్‌లో మారిసోల్ ఎదురైంది. తిడితే బాగుండుననుకుంది రాగిణి. ఆమె తిట్టలేదు.

"వచ్చే ఏడాది మూసే స్కూళ్ల లిస్ట్ ఇంకోటి ఉందట. స్లాట్ ఎలా పట్టారో నాకూ నేర్పుతారా?" అని అడిగింది.

రాగిణి గబగబా ఫోన్ తీసి చూపించింది. "ఇదే పేజీ. పన్నెండయ్యేసరికి ఫోన్ చేతిలో ఉంటే చాలు."

మారిసోల్ ఆ పేజీని కాసేపు చూసి ఫోన్ తిరిగిచ్చేసింది.

"పన్నెండింటికి ఆరవ్‌కి లంచ్ పెడుతుంటాను కదా," అంది.