కుర్చీ అక్క చేయని పని

మా వృద్ధాశ్రమంలో ఆయాలు ఐదుగురు. అందులో ఒకామెకు కుర్చీ అక్క అని పేరు పెట్టింది వంటమనిషినైన నేనే. ఎవరు కింద పడినా ఆమె చెక్క కుర్చీ మోసుకుంటూ వచ్చేది. "పడ్డవాళ్లకు కుర్చీ వేసి మర్యాదలా తల్లీ?" అని ఏడిపించేదాన్ని.

ఆమె పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. వెంటనే లేపదు. పక్కన కూర్చుని తల తగిలిందా, ఎక్కడ నొప్పి, కాళ్లు కదులుతున్నాయా అని అడుగుతుంది. అన్నీ బాగుంటేనే పక్కకు ఒత్తిగిలమంటుంది. తర్వాత మోచేతి మీద, ఆపైన మోకాళ్ల మీద లేవమంటుంది. ముందున్న కుర్చీ మీద చేతులు ఆనించి, ఒక పాదం నేలకు ఊనమంటుంది. వెనక ఇంకో కుర్చీ జరిపితే వాళ్లే మెల్లగా కూర్చుంటారు. ఈలోగా పొయ్యి మీద నా కూర మాడిపోయేది.

"చంకల కింద చేతులేసి లాగితే ఉన్న ఎముకలు కూడా పోతాయి చెల్లీ" అనేది. పదకొండేళ్లలో ఆమె చేతిలో ఒక్కరికీ హాని జరగలేదు.

తనిఖీ రోజున అధికారుల కారు గేటు దగ్గర ఆగిందో లేదో, మా ఆశ్రమంలో ఉండే రిటైరైన బస్సు కండక్టరు వంటగది ముందు జారి పడ్డాడు. అక్క పరిగెత్తుకొచ్చింది. ఆయన కుడికాలు పొట్టిగా, బయటికి తిరిగిపోయి ఉంది.

"ఎవరూ ముట్టుకోకండి. తుంటి విరిగినట్టుంది. అంబులెన్సుకు ఫోన్ చేయండి" అంది.

"వాళ్లు లోపలికొస్తున్నారు! ఈయన్ని ఇలా చూస్తే నా కొంప మునుగుతుంది" అన్నాడు మేనేజరు. అడ్డొచ్చిన అక్కను మోచేత్తో నెట్టేశాడు. వాచ్‌మనూ, తనూ చెరో చంకా పట్టి లాగారు. కండక్టరు పెట్టిన కేకకు నా చేతిలోని గరిటె జారిపోయింది. ఛీ, పశువును కూడా అలా లాగరు!

రెండు వారాల తర్వాత, ఆయన ఆసుపత్రి నుంచి ఆశ్రమానికి తిరిగొచ్చాక, కూతురు వచ్చి మేనేజరు మీద విరుచుకుపడింది. "డాక్టరు చెప్పాడు, లాగడం వల్లే విరిగిన ఎముక మరింత పక్కకు జరిగిందట. ఇక నడవలేరట. లాగిందెవరు?"

"కుర్చీ అక్కేనమ్మా" అన్నాడు మేనేజరు.

అంతకుముందే కండక్టరుకు నేను పాలు తాగిస్తుండగా మేనేజరు వచ్చి, "ఇక్కడ మీకు మంచం ఉండాలా, వద్దా? మీ అమ్మాయి ఇంట్లో చోటు లేదుగా" అని ఆయన్ని అడిగి వెళ్లాడు.

ఈ నింద పడితే అక్కను ఏ ఆశ్రమమూ గడప తొక్కనివ్వదు. మంచం దగ్గరికొచ్చి, "కండక్టర్ గారూ, మిమ్మల్ని లాగింది నేనా?" అని అడిగింది.

ఆయన గోడవైపు తల తిప్పుకున్నాడు. "నువ్వేనమ్మా."

అక్క నా వైపు తిరిగింది. "చెల్లీ, నువ్వక్కడే ఉన్నావుగా. చెప్పు."

మేనేజరు నన్నే చూస్తున్నాడు. సిగ్గులేని నోరు నాది.

"పొయ్యి దగ్గరున్నాను. నేనేం చూడలేదు" అన్నాను.

కూతురు అక్క చెంప ఛెళ్లుమనిపించింది. అక్క చెంప తడుముకోలేదు. నన్నే చూస్తూ నిలబడింది.