ఊగని గుండుకు లెక్క

మా వంటగదికీ ముందుగదికీ నడుమ ఉన్న దర్వాజకు పైన ఒక మేకు ఉంది. మామిడాకులు కట్టుకోవడానికని మాకంటే ముందు కిరాయికి ఉన్నవాళ్లు కొట్టుకున్న మేకు అది. దానికి దారం కట్టి, దారం కొసకు సీసపు గుండు వేలాడదీసి, మా ఆడబిడ్డ పరీక్షకు చదువుకునేది. చదువంటే పుస్తకంలో ఉంటుందనుకునేదాన్ని నేను. దారానికి వేలాడే చదువును మా ఇంట్లోనే చూశాను.

ఆడబిడ్డంటే మా ఆయన చెల్లెలు. మా అత్తమ్మ పోయేనాటికి జడ వేసుకోవడం కూడా రాని పిల్ల. నా చేతుల్లోనే పెరిగింది. మా ఆయనది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. యూనివర్సిటీకి నడిచిపోవచ్చని తార్నాకలో, ఒక సందులో, కింది పోర్షన్ పట్టాం. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. ఆమె క్యాంపస్‌లో ఫిజిక్సు చదివేది. మా వైపు అంత దూరం చదివినవాళ్లు లేరు. ఆమె పుస్తకాలు అటక మీద పెట్టాలన్నా నాకు మనసొప్పేది కాదు, బియ్యం డబ్బాల పక్కన గూడు ఖాళీ చేసి ఇచ్చాను.

వాళ్లకు రాత పరీక్ష కాక ప్రాక్టికల్ అని ఒకటి ఉంటుంది. ల్యాబులో ప్రయోగం చేసి చూపాలి. ఏది చేయాలో ముందు చెప్పరు. చీటీలు మడిచి ట్రేలో పెడతారట, ఎవరి చేతికి ఏది వస్తే వాళ్లకు అది. ఏడాదంతా ఇద్దరిద్దరు జోడీగా చేస్తారు కానీ పరీక్షలో మాత్రం ఎవరికి వాళ్లే. మా పిల్లకు జోడీ రామంతాపూర్ నుంచి వచ్చే అమ్మాయి. నోరు మూయదు. వచ్చీరాగానే వంటగదిలోకి దూరి మూతలు తీసి చూసేది. పరీక్ష దగ్గరపడ్డాక ఇద్దరూ మా ఇంట్లోనే కూర్చుని, ఏ ప్రయోగంలో తప్పు ఎక్కడినుంచి వస్తుందో ఒకరినొకరు అడిగి చూసుకునేవాళ్లు. మనిషి ఎంత బాగా చేసినా కొలతలో తప్పు ఉంటుందట. కొలిచే సామాను తప్పు కొంత, చూసే మనిషి తప్పు కొంత. తప్పు లేదని రాస్తే మార్కులు కోస్తారట. ఈ సంగతి నాకు నచ్చింది.

గుండు ఒక ఊపు ఊగడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే భూమి ఎంత గట్టిగా గుంజుతుందో తెలుస్తుందని మా పిల్ల చెప్పింది.

"దానికి ఇంత పంచాయితీ ఎందుకే? నీళ్ల బిందె ఎత్తితే నాకు రోజూ తెలుస్తనే ఉన్నది కదా," అన్నాను.

జోడీ పిల్ల రాని రోజున ఊపులు లెక్కపెట్టే పని నాకే పడింది. గుండు అటు పోయి ఇటు వస్తే ఒకటి. ఇరవై వరకు నేను పైకి లెక్కపెట్టాలి, ఆమె ఫోన్‌లో టైము చూసుకోవాలి. ఎన్నిసార్లు చేసినా లెక్క కుదరలేదు. ఆమె కాగితం మీద గీకి గీకి, దారం మళ్లీ కొలిచి, మేకు కదులుతోందేమో చూసి, చివరికి నా మొహం వైపు చూసింది.

"వదినా, ఒక్కసారి ఎట్ల లెక్కపెడ్తున్నవో చెప్పు."

"లాభం, రెండు, మూడు..."

నేలమీద పడి నవ్వింది. బియ్యం కొలిచేటప్పుడు మా అమ్మ దగ్గరినుంచి వచ్చిన అలవాటు అది. మొదటి సోలను ఒకటి అనం, లాభం అంటాం. ఆ గింజలు ఇంట్లో పెరగాలని. గుండుకు కూడా నేను అదే లెక్క పెట్టాను. ఒకటి బదులు లాభం అన్నందుకు కాదట తప్పు. గుండు బయలుదేరేటప్పుడే నేను ఒకటి లెక్కేసుకుంటున్నాను. బయలుదేరినప్పుడు సున్నా అనాలి, తిరిగి వచ్చాకే ఒకటి. నా ఇరవైలో ఊపులు ఒకటి తక్కువ, గుండు అసలుకంటే తొందరగా ఊగినట్టు లెక్క తేలేది.

"నీ లాభం తోటి భూమి బలం పెరిగిపోయింది వదినా," అంది. సాయంత్రం వాళ్ల అన్న రాగానే ఆయనకూ చెప్పింది. ఆయన వారం రోజులు నన్ను ఎగతాళి చేశాడు. అన్నం తక్కువైనా, కూర ఎక్కువైనా, "సున్నా నుంచి పెట్టినవా?" అనేవాడు.

అలా ఆ తప్పు దొరికింది. నేను సున్నా నేర్చుకున్నాను. పొద్దున పూట లెక్కలు బాగా వచ్చేవి. సాయంత్రం ఆమె ఒక్కతే కూర్చుని చేసుకుంటే మాత్రం చెడేవి. ఫ్యాను గాలి అనుకుని ఫ్యాను ఆపాం. దారం సాగిందనుకుని మార్చాం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరి పారేశాం. అయినా సాయంత్రం లెక్క పొద్దుటి లెక్కకు కలిసేది కాదు.

ఆ గుండు నా వంటకు పెద్ద అడ్డం. గిన్నె పట్టుకుని ఇటు రావాలంటే దాన్ని పక్కకు పట్టుకోవలసిందే. పట్టుకున్నానంటే చాలు, అరిచేది. "మళ్ల పట్టుకున్నవా? రీడింగు పాయె." రోజుకు నాలుగుసార్లు పడేదాన్ని ఆ తిట్టు.

ఒకరోజు దీపాలు పెట్టే వేళయింది. ఇంకా లైటు వేయలేదు. వీధి వెలుతురు కిటికీలోంచి కొంచెం వస్తోంది, నాకు అన్నీ కనబడుతున్నాయి. ఆమె చాప మీద కూర్చుని గుండుకు ఎదురుగా చూస్తూ లెక్కపెట్టుకుంటోంది. నేను పప్పు గిన్నె తీసుకుని వచ్చి, ఎడమ చేత్తో గుండు పట్టుకుని, తిట్టు కోసం ఆగాను.

"పదకొండు," అంది. "పన్నెండు."

వేళాకోళం అనుకున్నాను. కదలకుండా నిలబడ్డాను. ఆమె చూపు సూటిగా నా చేతి మీదే ఉంది. పదమూడు, పద్నాలుగు అని అదే తాళంలో పోతోంది. గుండు చల్లగా నా గుప్పిట్లో ఉంది. ఇరవై అనగానే ఫోన్ నొక్కి, నిమ్మళంగా ఊపిరి తీసుకుంది.

"ఈసారి మంచిగ వచ్చినట్టున్నది వదినా."

నేను పప్పు గిన్నె కింద పెట్టాను.

"పిల్లా, గుండు నా చేతిల ఉన్నది."

ఆమె చాప అంచు దగ్గర చేత్తో తడిమి ఫోన్ కింద పెట్టింది. తర్వాత మెల్లగా, "లైటు వెయ్యి వదినా," అంది.

లైటు కింద కూర్చున్నాక అంతా బయటికి వచ్చింది. చీకటి పడితే చూపు ఆనడం లేదని ఆమెకు ముందే తెలుసు. ల్యాబులో ఒక చీకటి గది ఉంటుందట. అందులో పసుపు దీపం పెట్టి, మైక్రోస్కోపులో రింగులు చూసి, పక్కన సన్నని గీతల మీద కొలత చదవాలి. ఆ గదిలో చూసేదంతా జోడీ పిల్ల, రాసేదంతా మా పిల్ల. రింగులు ఎట్లాగో ఆనినా గీతలు ఆనేవి కావట. ఇద్దరూ ఎటైనా మెట్రోలో పోతే, మెట్లు దిగేటప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దిగేది. స్నేహం అనుకున్నాం. ఇంట్లో చెంబులు తన్నుకుంటూ నడిచేది. ఒకసారి వాళ్లన్న చాయ్ గ్లాసు తన్నితే ఆయన, "కండ్లు నెత్తికెక్కినయా?" అన్నాడు. ఆ మాట ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. నేను గుర్తుచేయను, కానీ చాయ్ తాగిన గ్లాసు ఆయన ఎప్పుడూ కిందపెట్టడు.

కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి, దీపాలు పెట్టి, చాలాసేపు చూశారు. కంటి వెనక ఉండే పొర అంచుల నుంచి ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. పగటి చూపు నడుమ భాగంలో కొన్నేళ్లు ఉంటుందట, తర్వాత అదీ తగ్గుతుందట. అద్దాలు పనికిరావు, మందు లేదు. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను పొన్నగంటి కూర పెట్టొచ్చా అని అడిగాను. మా ఊళ్లో చూపు మందగిస్తే అదే పెడతారు. డాక్టరు నా వైపు ఎంతో మర్యాదగా చూసి, పెట్టమ్మా, కూర మంచిదే అన్నాడు. ఆ మర్యాదతో నాకు అర్థమైపోయింది. అయినా ఆ రోజునుంచి తార్నాక కూరగాయల దగ్గర పొన్నగంటి కట్ట కనబడితే వదల్లేదు.

మా పిల్ల డాక్టరును అడిగింది ఒక్కటే, వచ్చే వారం పరీక్ష ఉంది, పోవచ్చా అని.

వాళ్లన్న వద్దన్నాడు. జోడీ పిల్ల మాత్రం ఒక ఉపాయం చెప్పింది. చీటీలో చీకటి గది ప్రయోగం రాకపోతే బాధే లేదు. వస్తే వెనకనుంచి చీటీలు మార్చుకుందాం. అదీ కుదరకపోతే ఏడాదంతా తను చూసిన కొలతలు మా పిల్లే రాసింది కదా, అన్నీ నోటికి వచ్చు, అవే దింపితే సరిపోతుంది. చాలామంది చేసే పనే అది, రావలసిన జవాబు ముందు పెట్టుకుని కొలతలు వెనక్కి అల్లుతారు. మా పిల్ల ఆ కొలతల నోటుబుక్కు మూసి గూట్లో పెట్టింది.

పరీక్ష రోజు నేనూ వెంట పోయాను. తార్నాక నుంచి నడిచి పోతుంటే ఎండ బాగా కాసింది, ఆమె నా చెయ్యి పట్టుకోకుండా ముందు నడిచింది. ఆ ఎండను చూసి నాకు ధైర్యం వచ్చింది. బిల్డింగు బయట ఒక అరుగు మీద, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాకు తెలిసిన దేవుళ్లందరికీ ఒకటే మాట చెప్పుకున్నాను, ఆ రింగులు మాత్రం రానీయకండి అని.

రింగులే వచ్చాయి.

లోపల జరిగింది నాకు తర్వాత జోడీ పిల్ల చెప్పింది, ఏడుపు ఆపుకుంటూ. ఆ పిల్లకు గుండు ప్రయోగం వచ్చింది, మా దర్వాజకు ఊగినదే. చీటీ మడిచి వెనక నుంచి మా పిల్ల చేతిలో పెట్టబోయింది. మా పిల్ల ఆ చెయ్యి గట్టిగా ఒకసారి నొక్కి వదిలేసి, చీకటి గదిలోకి పోయింది. నోటికి వచ్చిన కొలతల్లో ఒక్కటీ రాయలేదు. తనకు ఆనినవి రాసింది. అవి నాలుగైదు కూడా లేవు, అవైనా ఒకదానికొకటి పొసగలేదు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు కాగితం తిప్పి చూశాడు. తన వంతు కోసం వెనక నిలబడ్డ జోడీ పిల్ల ఆ మాటలన్నీ వింది.

"రీడింగ్స్ ఇంతేనా అమ్మా?"

"నాకు కనబడ్డయి ఇంతే సార్."

"ఇంత ఎర్రరు ఎక్కడ్నుంచి వచ్చింది?"

"నా నుంచే సార్."

"మరి దాన్ని తగ్గించాలంటే ఏం చేయాలె?"

అది వాళ్లు అందరినీ అడిగే ప్రశ్నేనట. ఆయన తప్పు కాదు, ఆయనకు తెలియదు. మా పిల్ల దానికీ చెప్పింది.

"తగ్గదంట సార్."

ఆయన తల ఎత్తకుండా ఏదో రాసుకుని, తర్వాతివాళ్లను రమ్మన్నాడు.

ఆమె బయటికి వచ్చి, ఎండకు కళ్లు చిట్లించి నన్ను వెతుక్కుంది. "ఆకలయితుంది వదినా," అంది. ఇంటికి వచ్చి పొన్నగంటి కూరతో రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.

అన్నీ పాసయింది, ప్రాక్టికల్ ఒక్కటి పోయింది. చూపు తక్కువని సర్టిఫికెట్ పెడితే సాయానికి మనిషిని ఇస్తారని, మళ్లీ రాయమని జోడీ పిల్ల చాలా తిరిగింది. వాళ్లన్న కూడా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. "ఇంకొకరు చూసినది నా రీడింగు ఎట్లయితది వదినా?" అని నన్ను అడిగింది. జవాబు కోసం చూడనే లేదు.

ఇప్పుడు మా ముందుగదిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెబుతుంది. ఆ మేకుకు గుండు మళ్లీ కట్టింది. పిల్లలు లెక్కపెడుతుంటే గోడకు ఆనుకుని వింటుంది, ఎవరైనా ఒకటితో మొదలుపెడితే "సున్నా, సున్నా" అంటుంది. జోడీ పిల్ల పక్కనే ఒక పరిశోధన సంస్థలో చేరింది. అప్పుడప్పుడు వస్తుంది. ఇప్పుడు మూతలు తీసి చూడదు.

మొన్న సాయంత్రం వంటగదిలో కూర్చుని, కొత్త బస్తా విప్పి బియ్యం డబ్బాలోకి కొలుస్తున్నాను. లాభం అన్నాను, రెండు అన్నాను. మా పిల్ల ముందుగదిలోంచి దర్వాజ దాకా వచ్చి నిలబడింది.

"చీకట్ల కొలుస్తున్నవేంది వదినా? లెక్క తప్పుతవు. లైటు వేసుకో."

లైటు నా నెత్తిమీదే వెలుగుతోంది.

"వేస్తున్న," అన్నాను. లేచి వెళ్లి, స్విచ్చు ఒకసారి ఆపి మళ్లీ వేశాను, చప్పుడు వినబడాలని.

"ఇప్పుడు మంచిగున్నది," అని ఆమె వెళ్లిపోయింది.

ఎన్ని సోలలు పోశానో నాకు గుర్తు రాలేదు. డబ్బాలో పోసినవన్నీ మళ్లీ చాటలోకి వంపుకుని, మొదటినుంచి మొదలుపెట్టాను.